చేతులు మారిన బాకీలు: బొల్లారం బాటలో అప్పుల చరిత్ర

సికింద్రాబాదు దండుప్రాంతమును దాటి, అల్వాలు, బొల్లారము, హకీంపేట, తూంకుంటల మీదుగా ఉత్తరమునకు సాగి, శామీర్‌పేట పెద్దచెరువు ప్రక్కనుండి కరీంనగరమునకు పోవు రాజమార్గముమీద నున్న తుర్కపల్లి, ఒక తరము క్రిందటివరకు పొలములకును ద్రాక్షతోటలకును నడుమ నొదిగియుండిన సామాన్య గ్రామము. నేడు టీకాలను, ఔషధములను రూపొందించు సంస్థలకు నిలయమై జీనోమ్ వ్యాలీ యను పేర లోకమున పరిచితమైన ప్రదేశము. యాదాద్రి సీమలో నిదే పేరుగల మండల కేంద్రము వేరు; నేను చెప్పుచున్నది మేడ్చల్ జిల్లాలోని శామీర్‌పేట తుర్కపల్లిని గూర్చి. ఇచ్చటి ప్రయోగశాలలలో కొలువుచేయు యువజనుల చేతిఫోనులకు దినదినమును వచ్చు సందేశములలో, కొన్నదానిపై నూటికి అయిదు తిరిగి జమయగునని యొకటి, మొదటి సంవత్సరము రుసుము లేదని యొకటి, పరబ్యాంకు కార్డుమీద పేరుకొన్న బాకీని తమ కార్డునకు మార్చుకొన్నచో కొన్ని నెలలవరకు మిత్తి మిక్కిలి స్వల్పమని యొకటి తప్పక యుండును. క్యాష్ బ్యాక్ అనియు, ప్రమోషనల్ ఆఫర్ అనియు, బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్ అనియు వ్యవహరింపబడుచున్న యీ మూడును నవనాగరికతా సంజాతములని పలువురు తలంచుచున్నారు. ఈ బాటకు అటునిటు జరిగిన ఋణవ్యవహారముల చరిత్రను కొంత ఓపికతో పరిశీలించినవారికి, వీని మూలములు కార్డులకంటె బహుపూర్వమున నీ నేలలోనే కానవచ్చును; మీదుమిక్కిలి, కొసరుగా వచ్చిన పైకమును ఎవరు భరించిరి, బదలాయించిన బాకీకి మూల్యమును ఎవరు చెల్లించిరి అను ప్రశ్నకు పాతకాలమున సమాధానము కంటికెదురుగా నుండెడిదనియు, నేడది కనుమరుగైనదనియు గూడ తెలియవచ్చును.

నిజాము రాజ్యమున హైదరాబాదు నగరమును చుట్టియున్న మండలమునకు అత్రాఫె బల్దా యని పేరు. ఇందలి గ్రామములు పెక్కు సర్ఫె ఖాసులు, అనగా ప్రభువు సొంతవ్యయమునకై ప్రత్యేకింపబడిన భూములు. శిస్తును కిస్తులుగా నగదురూపమున చెల్లింపవలసియుండుటయు, చెరువునీటిమీద పండు వరి వానలనుబట్టి యుండుటయు, కిస్తుదినమునకును కళ్ళముదినమునకును పొంతన కుదురకుండుటయు ఈ సీమ రైతును షావుకారి గడపకు చేర్చిన కారణములు. ఉప్పు, పప్పు, గుడ్డ, గొంగడి యన్నియు ఉద్దెరమీదనే వచ్చెడివి. షావుకారి ఖాతాపుస్తకమున నొక పుట ఆ యింటిపేర తరతరములు నడచెడిది. గింజలను అప్పుగా తెచ్చుకొనుటకు నాగు అని పేరు: విత్తులనాడు తూమెడు వడ్లు కొలిపించుకొన్నవాడు పంటనాడు తూమున్నర కొలువవలయును. ఆ యర్ధభాగము నిండు సంవత్సరపు మిత్తి కాదు, ఒక్క పంటకాలమునకు. రూకల అప్పునకు, నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి యని, మూడు రూపాయల మిత్తి యని లెక్క; ఈ గణనవిధానము తెలంగాణ గ్రామములలో నేటికిని చెక్కుచెదరక యున్నది. నూరు రూపాయలకు కాగితము వ్రాయించుకొని, తొలి మిత్తిని ముందే కోసికొని, తక్కిన పైకమును చేతిలో పెట్టు ఆచారము గూడ పలుచోట్ల నుండెడిది.

కొసరు ఈ వ్యవహారములోని మధురభాగము. తూకము ముగిసిన పిమ్మట నొక గుప్పెడు పప్పో, పిల్లవాని చేతికి బెల్లపుముక్కయో ఇచ్చుట వర్తకుని ధర్మముగా నెంచబడెను. అడిగి కొసరు పెట్టించుకొనుట కొనువారి హక్కుగా చెల్లెను. ఇందు స్నేహభావము లేదని నేననను. అంగడికి మరల వచ్చుటకు అంతకంటె సుకుమారమైన ఆహ్వానము లేదు. కాని కొసరు ఆకాశమునుండి రాలదు. ఉద్దెర కొన్నవాని పద్దులో ధర నగదు ధరకంటె రెండాకులెక్కువగానే యుండెడిది. నగదిచ్చి కొన్న మోతుబరి యింటికి పోయిన గుప్పెడు గింజలలో ఉద్దెర ఖాతాదారుని సొమ్మును కొంత గలదు. గ్రామము చిన్నది కావున నెవని ఖాతా యెంత బరువో అందరికిని తెలియును; ఎవని మిత్తితో నెవనికి కొసరు ముట్టుచున్నదో అంగడి యరుగుమీద కూర్చున్నవారు గ్రహింపగలిగియుండిరి.

బాకీ మార్పిడి ఆకాలమున రెండు విధములు. మొదటిది నోటు తిరగవ్రాయుట. ప్రోనోటునకు మూడేండ్లు గడచినచో కాలదోషము పట్టి న్యాయస్థానమున చెల్లదు గనుక, గడువు తీరకమునుపే అసలును మిత్తిని ఏకముచేసి క్రొత్త కాగితము వ్రాయించుట షావుకార్ల పద్ధతి. రెండు రూపాయల మిత్తికి నూరు తీసికొన్నవాడు మూడేండ్లకు నూట డెబ్బదిరెంటికి క్రొత్త నోటు వ్రాసియిచ్చును. మరి మూడేండ్లకు ఆ నూట డెబ్బదిరెండు దాదాపు 296 అగును. తిరగవ్రాయకున్నచో 244 మాత్రమే కావలసినది. ఆ వ్యత్యాసమే కాగితము మార్చినందుకు రైతు చెల్లించిన రుసుము. అది యెచ్చటను రుసుమని వ్రాయబడలేదు. ప్రాచీన స్మృతికారులు దీనిని ఊహింపకపోలేదు. ఒకేసారి తీర్చు నెడల వడ్డీ అసలుతో సమానమగువరకే గాని అంతకు మించరాదని మనుస్మృతి శాసించినది. దామదుపట్టు అని పేరొందిన యీ న్యాయమును తప్పించుకొనుటకు నోటు తిరగవ్రాయుటకు మించిన ఉపాయము లేదు, ఏలనన నిన్నటి మిత్తి నేటి అసలై కూర్చుండును.

రెండవ విధము మరింత దారుణము. అప్పు తీరువరకు దొర యింట జీతముండు భగేలా, ఆ దొర కాఠిన్యమును భరింపలేక విడిపోదలంచెనేని, మరియొక భూస్వామి యాతని బాకీని పాతదొరకు చెల్లించి తన పొలమునకు తెచ్చుకొనును. బాకీ చేతులు మారెను. బాకీతో మనుష్యుడును చేతులు మారెను. పెండ్లిఖర్చు మొదలగు అవసరములకు క్రొత్తదొర యిచ్చిన మరికొన్ని రూపాయలు పాతబాకీమీద చేరి, తండ్రి కట్టలేనిది కుమారుని నెత్తికి వచ్చెడిది. 1936లో నిజాము ప్రభుత్వము భగేలా ఒడంబడికలపై నిబంధన చేసెను. దానివలన కలిగిన మార్పు స్వల్పము. వెట్టికార్మిక వ్యవస్థను నిర్మూలించు చట్టము దేశమంతటికిని వచ్చినది 1976లో.

ఇంతవరకు చెప్పినది పేదల మాట. రాజ్యమునకు రాజ్యమే బాకీ మార్పిడికి పూనుకొని దానివలన భూములను పోగొట్టుకొన్న వృత్తాంతము ఈ తుర్కపల్లి బాటమీదనే, బొల్లారమున, ఆరంభమగుచున్నది.

పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో నిజాము సికందర్ జా పేరనే గాని యాంగ్లేయాధికారుల యాజమాన్యములో ఏర్పడిన సైన్యము, పిదప కంటింజెంటు అని ప్రసిద్ధమైనది, బొల్లారమును ప్రధానస్థావరముగ చేసికొనెను. దాని జీతములు నెలనెలా తప్పక చెల్లింపవలెను. నిజాము ఖజానాలో శిస్తుపైకము నెలనెలా రాదు. రాజ్యవ్యవహారమంతయు చేతిలో నుంచుకొనిన పేష్కారు చందూలాలు అప్పు లేక గడువలేని స్థితికి వచ్చెను. అప్పుడు హైదరాబాదు రెసిడెన్సీ దరిని విలియం పామర్ కంపెనీ వెలసినది. ఆంగ్లేయ సేనాని యొకనికిని మొగలాయి కులీనస్త్రీకిని జనించి, నిజాము సైన్యమున కొలువుచేసిన విలియం పామర్, గుజరాతీ షావుకారి బంకటిదాసును, పిమ్మట సర్ విలియం రంబోల్డును భాగస్వాములుగా కూర్చుకొని, గోదావరిమీద కలప వర్తకముతో మొదలిడి, త్వరలోనే రాజ్యమునకు ఋణదాత యయ్యెను. స్వదేశ సంస్థానాధిపతులకు ఐరోపీయులు అప్పులిచ్చుట 1797 నాటి ఆంగ్లచట్టమునకు విరుద్ధము. ఐనను 1816లో గవర్నరు జనరలు హేస్టింగ్సు ప్రభువు యీ కంపెనీకి ప్రత్యేకానుజ్ఞ నొసగెను. రంబోల్డు భార్య ఆ ప్రభువు పెంపకమున పెరిగినదగుట యీ యనుజ్ఞకు కారణమని నాడే పలువురు నిందించిరి. మిత్తి నూటికి ఏటికి 24, 25 వరకు నడచెను.

1820లో చందూలాలు పామర్ కంపెనీనుండి 60 లక్షల రూపాయల క్రొత్త ఋణమునకు కలకత్తా సమ్మతిని సంపాదించెను. ఉద్యోగుల జీతపుబకాయిలు తీర్చుటకు, స్వదేశీ షావుకార్ల బాకీలను చెల్లించుటకు, బక్కచిక్కిన రైతులకు సేద్యపు బయానా లిచ్చి పాడుపడిన గ్రామములను నిలువబెట్టుటకు అని చెప్పిరి. మిత్తి పాతదానికంటె తక్కువ యనియు చూపిరి. ఆ యేడే ఆంగ్ల ప్రతినిధియగు రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ పద్దులను విప్పిచూచినపుడు తేలినదేమనగా, 60 లక్షలలో అధికభాగము పామర్ కంపెనీ ఖాతాలోని పాతబాకీయే యొక పుటనుండి మరియొక పుటకు మారినది. అందు 8 లక్షలు భాగస్వాములకు బోనస్ పేర ముట్టినవి. రైతునకు చేరవలసిన బయానా చేరలేదు. బాకీని తక్కువ మిత్తికి మార్చుట, ఆ మార్పిడికై అసలుమీద నూటికి పదమూడుకు పైబడిన రుసుమును అసలులోనే కలిపివేయుట, ఇదంతయు ఉపకారమని ప్రకటించుట—నేటి బ్యాలెన్స్ ట్రాన్స్‌ఫర్‌లోని అంగములన్నియు రెండువందల యేండ్ల క్రిందట నీ నగరమున సమగ్రరూపమున నుండెను.

మెట్‌కాఫ్ చేసినదియు మరియొక బాకీ మార్పిడియే. ఈస్టిండియా కంపెనీ నూటికి ఆరు వడ్డీకి ధనమిచ్చి పామర్ ఋణమును తీర్చినచో నిజామునకు మేలని యాతడు వాదించెను. తుదకు 1823లో జరిగినదిది: శ్రీకాకుళము మొదలు గుంటూరువరకు గల ఉత్తరసర్కారులను అనుభవించుచున్నందుకు ఈస్టిండియా కంపెనీ యేటేట నిజామునకు చెల్లింపవలసిన 7 లక్షల పేష్కషును నూటికి ఆరు చొప్పున మూలధనముగా గుణించి, కోటి పదునారు లక్షలకు పైబడిన పైకమును ఒక్కపెట్టున చెల్లించి, ఆ హక్కును శాశ్వతముగా రద్దుచేసికొనిరి, ఆ ధనముతో పామర్ బాకీ తీరినది. మరుసటియేడు పామర్ కంపెనీ దివాలా తీసెను. అధిక మిత్తినుండి విముక్తి నిజముగనే కలిగినది, ఆ మాట ఒప్పుకొనవలెను. కాని దానికి మూల్యము తీరాంధ్రముపై మిగిలియున్న కట్టకడపటి రాబడి హక్కు. బాకీ మారినపిదప అప్పుచేయుట మానియుండినచో ఈ మూల్యము సార్థకమైయుండెడిది. చందూలాలు మానలేదు. షావుకార్లు మారిరి, పెస్తన్‌జీ మెహర్జీ వంటి పారశీక వర్తకులు వచ్చిరి, బీరారు రాబడి తాకట్టు పడెను. బొల్లారపు సైన్యము జీతములకై ఈస్టిండియా కంపెనీయే ముందుగ నిచ్చుచు వచ్చిన పైకము 40 లక్షలు దాటినపుడు, 1853 మే నెలలో, ఆ బాకీక్రింద బీరారు జిల్లాలు ఆంగ్లేయుల యధీనమున ఉంచబడెను. అవి హైదరాబాదు పాలనకు మరల రాలేదు.

పామర్ వ్యవహారమును గూర్చిన ఉత్తరప్రత్యుత్తరములను 1824లో లండనులో అచ్చువేసి కంపెనీ వాటాదారులముందుంచిరి. అందుచేతనే ఎవరికి బోనస్ ముట్టెనో, ఏ పుటనుండి ఏ పుటకు బాకీ మారెనో మనమీనాడు వ్రాయగలుగుచున్నాము. శామీర్‌పేట రైతు నోటు ఎన్నిమార్లు తిరగవ్రాయబడెనో చెప్పు గ్రంథము లేదు.

గ్రామఋణమును గూర్చి హైదరాబాదు ప్రభుత్వమును, తదనంతర ప్రభుత్వమును చేసిన ప్రయత్నములను సంక్షేపముగ చెప్పెదను. 1914లో సహకార పరపతిసంఘముల చట్టము, 1937లో భరూచాగారి వ్యవసాయ ఋణవిచారణ నివేదిక, నిజాము రాజ్యపు ఫసలీ సంవత్సరముల లెక్కన 1349లో షావుకార్ల నియంత్రణ చట్టము, 1942లో తలుపులు తెరచిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు, స్వాతంత్ర్యానంతరము 1977 నాటి వ్యవసాయ ఋణవిమోచన చట్టము—ఇవి యన్నియు సదుద్దేశముతో కూడినవే. పట్వారీ షావుకారికి చుట్టమైన చోట చట్టము కాగితముమీదనే నిలిచినది.

చిట్టీల సంగతి వేరు. తెలుగువారి ఋణాచారములలో నాకు మిక్కిలి గౌరవము కలిగించునది ఇదియే. ఇరువదిమంది కలిసి నెలనెలా పైకము వేసి, ఆ నెల అవసరము గలవాడు వేలమున తగ్గించి పాడుకొని మొత్తమును తీసికొనును. అతడు వదలుకొన్న భాగమును తక్కినవారందరు పంచుకొందురు. అవసరపడినవాని నష్టమే అవసరపడనివాని లాభము. ఇది నేటి క్యాష్ బ్యాక్ సూత్రమే. కాని చిట్టీలో పాట బహిరంగముగ జరుగును, ఎవడెంత వదలుకొనెనో ఎదుట కూర్చున్నవారెల్లరు చూతురు, ఈ నెల పంచుకొన్నవాడు వచ్చు నెల తానే పాడుకొనవలసిరావచ్చును. నిర్వాహకుని కమీషనుకూడ 1982 నాటి కేంద్ర చట్టమున నూటికి అయిదుకు, 2021 సవరణతో ఏడుకు మించరాదని నిర్ణయింపబడినది. చిట్టీలలో మోసములు జరుగలేదని కాదు. చట్టమునకు లోబడి నడచిన చిట్టీలో మాత్రము లెక్క దాగియుండదు.

కార్డు అమెరికానుండి వచ్చినది. 1950లో న్యూయార్కున డైనర్స్ క్లబ్బు, 1958లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణమున బ్యాంక్ ఆఫ్ అమెరికా యడుగకయే పట్టణవాసులకు తపాలాలో పంపిన అరువదివేల కార్డులు, 1986లో కొన్నదానిపై కొంత నగదు తిరిగియిచ్చెదమని డిస్కవర్ కార్డు చేసిన వాగ్దానము, 1990 ప్రాంతమున పరబ్యాంకుల బాకీలను స్వల్ప వడ్డీతో తమకడకు లాగుకొను పోటీ—ఇవి యా దేశపు మెట్లు. మన దేశమునకు డైనర్స్ క్లబ్బు 1961లోనే వచ్చినను, ధనవంతుల వస్తువుగా నుండెను. స్వయముగ కార్డులు జారీచేసిన బ్యాంకులలో అగ్రగాములైనవానిలో తెలుగువారి బ్యాంకొకటి యగుట గమనింపదగినది: 1923లో మచిలీపట్టణమున భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రాబ్యాంకు, 1981లో క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టెను. ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో లీనమైనది. నిజాము స్థాపించిన హైదరాబాదు స్టేట్ బ్యాంకు అంతకు మూడేండ్లముందే భారతీయ స్టేట్ బ్యాంకులో కలసిపోయినది. 2000 ప్రాంతమున ఐసిఐసిఐ బ్యాంకు సామాన్య వేతనజీవులకు కార్డులు విరివిగ నిచ్చుట కారంభించెను. ఆ కాలముననే ఆ సంస్థ రాష్ట్రప్రభుత్వముతో కలసి తుర్కపల్లిలో నాలెడ్జ్ పార్కును నెలకొల్పెను. పరిశోధనాలయములును, వానిలో పనిచేయువారి చేతికి కార్డులును ఈ గ్రామమునకు ఇంచుమించుగ జంటగ వచ్చినవి.

అదే దశాబ్దమున మన పల్లెస్త్రీలు మరి రెండు ప్రయోగములను చూచిరి. 2004లో రాష్ట్రప్రభుత్వము పావలా వడ్డీ పథకమును ప్రారంభించెను. మహిళాసంఘములు బ్యాంకునకు గడువుతప్పక కట్టిన వడ్డీలో ఏటికి నూటికి మూడుకు మించిన భాగమును ప్రభుత్వము తిరిగి వారి ఖాతాకు జమచేయును. నేనెరిగినంతలో కట్టినవారికి తిరిగి వచ్చు ధనములలో నిది మిక్కిలి న్యాయమైనది: ధనము ప్రజల ఖజానాది, బడ్జెటులో వ్రాయబడినది, పొరుగింటి బాకీదారుని నడ్డి విరిచి తెచ్చినది కాదు. రెండవది సూక్ష్మఋణ కంపెనీల విజృంభణము. వారమువారము కిస్తు, పూచీ సంఘమంతటిది, ఒక కంపెనీ కిస్తు కట్టలేని తల్లి మరియొక కంపెనీవద్ద అప్పుతెచ్చి కట్టును, దానికై మూడవది. ప్రతి మార్పిడికిని రుసుము, బీమా పేర కొంత కోత. 2010లో ఆత్మహత్యల వార్తలు వరుసగా వచ్చినపుడు, అక్టోబరులో రాష్ట్రప్రభుత్వము ఆర్డినెన్సుచేసి వారపు వసూళ్ళను అరికట్టవలసివచ్చెను. ఆ తల్లులకు అప్పు దొరకక కష్టము రాలేదు. అప్పును మార్చుకొను సౌలభ్యము వలన బాకీ యంతమే కానరాక కష్టము వచ్చినది.

ఇక కార్డులెక్క. అంగడిలో వేయిరూపాయలకు కార్డు గీసినపుడు వర్తకునికి వేయి ముట్టదు. నూటికి ఒకటిన్నర, రెండు, కొన్నియెడల అంతకు మించియు కోతపడి, ఆ కోతను కార్డిచ్చిన బ్యాంకు, యంత్రముంచిన బ్యాంకు, మార్గము నడపు సంస్థ పంచుకొనును. వర్తకుడు దానిని ధరలో సర్దుకొనును. నగదిచ్చి కొన్న కూలివాడును ఆ ధరనే చెల్లించును. ఆ కోతలోని కొంతయే క్యాష్ బ్యాక్ రూపమున కార్డుదారునికి తిరిగి వచ్చును. అది చాలని యెడల తక్కినది వచ్చు తావు, గడువునకు పూర్తిగ కట్టని కార్డుదారుల మిత్తి. నెలకు నూటికి మూడున్నర చొప్పున వసూలుచేయు కార్డులు పెక్కు గలవు. నూరు రూపాయల బాకీ ఆ లెక్కన నెలనెలా చక్రముగ తిరిగినచో ఏడాదికి 151 అగును, వడ్డీమీద నూటికి 18 చొప్పున పన్ను వేరు. తూముకు తూమున్నర యన్న నాగును మన పెద్దలు ఘోరమని నిందించిరి. ఇంచుమించుగ ఆ నిష్పత్తియే చల్లని గదిలో మృదువైన కాగితముమీద మనము సంతకము చేయుచున్నాము. నాగు ఒక్క పంటకాలమునకు, ఇది నిండు సంవత్సరమునకు అను భేదమొక్కటి కలదు. అదియు న్యాయదృష్టితో చెప్పవలసినదే.

లక్షరూపాయల బాకీని నూటికి రెండు రుసుముతో మార్చుకొన్నవాడు రెండువేలు, దానిపై పన్ను 360, వెరసి 2,360 ఆదియందే చెల్లించును. ఆఫరు గడువు మూడునెలలో, ఆరునెలలో. అంతలో బాకీ తీరెనా, లాభము నిజమే. తీరకున్నచో మిగిలినదానిపై మామూలు మిత్తి మొదలగును. ఇంకొక చిక్కును జనులు గమనింపరు: మార్చిన బాకీ నిలిచియున్నంతకాలము ఆ కార్డుమీద చేసిన క్రొత్త కొనుగోళ్ళకు సాధారణముగ నుండు వడ్డీలేని గడువు లేకపోవచ్చును. లక్షరూపాయల కొనుగోలుపై నూటికొకటి చొప్పున వేయిరూపాయలు తిరిగి వచ్చినవని సంతసించినవాడు, ఆ లక్షను ఒక్కనెల నిలువ వేసిన 3,500 పోగొట్టుకొనును.

రిజర్వు బ్యాంకు నిద్రించుచున్నదని యనరాదు. వడ్డీలేని కిస్తులన్న మాట నిజము కాదనియు, వడ్డీయే రుసుముల మాటున దాగుచున్నదనియు 2013 సెప్టెంబరులో బ్యాంకులకు స్పష్టముగ వ్రాసినది. 2022 ఏప్రిల్‌లో వెలువరించిన సమగ్రాదేశమున, అడుగని కార్డు పంపరాదనియు, కనీసపు చెల్లింపు కట్టుచునే యున్నను బాకీ పెరిగిపోవు విధమున లెక్కకట్టరాదనియు శాసించినది. కాని మిత్తికి పైమేర నిర్ణయింపలేదు. జాతీయ వినియోగదారుల కమిషను 2008లో ఏటికి నూటికి 30 మించిన కార్డు వడ్డీ అనుచిత వర్తకమని తీర్పుచెప్పగా, 2024 డిసెంబరు 20న సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చి, వడ్డీ విషయము రిజర్వు బ్యాంకు పరిధిలోనిదని తేల్చెను. స్మృతికారుడు రెట్టింపునకు గీసిన గీతయు, ఫసలీ చట్టము షావుకారికి వేసిన ముకుతాడును కార్డునకు లేవు. ఇది కోర్టు దోషమని నేను చెప్పజాలను. శాసనకర్తలు పూనుకొనవలసిన పని యని మాత్రము నిశ్చయముగ చెప్పగలను.

చరిత్రకారునిగా నా యార్తి మరియొకటి. పామర్ పద్దులు అచ్చయినవి గనుక ఎనిమిది లక్షల బోనస్ బయటపడినది. శామీర్‌పేట, తుర్కపల్లి, మేడ్చల్, కీసర ప్రాంతముల పాత షావుకార్ల యిండ్లలో, పట్వారీల దూలముల మీది మూటలలో, ఎఱ్ఱగుడ్డ చుట్టిన ఖాతాపుస్తకములు, ఉర్దూలోను తెలుగులోను వ్రాసిన దస్తావేజులు, చెల్లుపెట్టిన ప్రోనోటులు ఇంకను కొన్ని మిగిలియున్నవి. భూములు అమ్ముడుపోయి యిండ్లు కూలుచున్న ఈ దినములలో అవి చెత్తతో పోవుచున్నవి. ఎవరి మిత్తి ఎవరి కొసరైనదో, ఏ నోటు ఎన్నిమార్లు చేతులు మారెనో చెప్పు సాక్ష్యము వానిలో తప్ప మరెచ్చటను లేదు. అట్టివి యింటనున్న పాఠకులు వానిని కాల్చివేయక, పాత కాగితములవాని కమ్మక, తార్నాకలోని రాష్ట్ర పురాతన పత్రముల భాండాగారమునకు (స్టేట్ ఆర్కైవ్స్) గాని, సమీపమున చరిత్రను బోధించు ఏ కళాశాలకు గాని అప్పగింపవలయునని ప్రార్థించుచున్నాను. అప్పు చేసినవారి పేరులు బయటపడునని సంకోచించువారు పేరులు కప్పి పుటల నకలు ఇచ్చినను చాలును.